మూడు గుడ్లు, ఒక వెండి నాణెం

ఆ రోజు పాలిష్ మాస్టారు చేయవలసిన పని ఒక్కటే. ఇంటి బీరువాలో ఉన్న నాణేల డబ్బాను సంచిలో పెట్టుకుని, తాను పనిచేసే పళ్ళ ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. పన్నెండు గంటలకు బావగారు అక్కడికి వస్తే ఆయన చేతిలో పెట్టాలి. మధ్యలో దాన్ని తెరవమని ఎవరూ చెప్పలేదు. బాగుచేయమని అసలే చెప్పలేదు.

"డబ్బా ఇచ్చేయండి, చాలు. దాంతో ప్రయోగాలు పెట్టుకోకండి," అని భార్య గుమ్మం దాకా వచ్చి మరీ చెప్పింది.

"చంటిపిల్లాడికి చెప్పినట్టు చెబుతావేం?"

"చంటిపిల్లాడైతే చెప్పను. చేతికివ్వను, అంతే."

ఆవిడ భయానికి కారణం లేకపోలేదు. ఆసుపత్రి వెనక గదిలో కూర్చుని కట్టుడు పళ్ళు తయారుచేయడంలో మాస్టారిని మించినవాడు లేడు. ఆయన మెరుగు పెట్టిన పళ్ళు చూసి సొంత పళ్ళున్నవాళ్ళు కూడా అసూయపడేవారు. పాలిష్ మాస్టారన్న పేరు అలా వచ్చిందే. కానీ ఆ గది దాటితే ఆ చేతులే వేరు. పెళ్ళైన కొత్తలో అత్తవారింటి గాజు కూజా ఆ చేతుల్లోంచే జారింది. తర్వాత బావగారి కళ్ళజోడు, బావగారి కారు తాళాలు, బావగారి కొత్త గొడుగు వరసగా కనిపించకుండా పోయాయి. అత్తవారి వైపు అందరూ ఆయన్ని చాటున 'చేజారుడు' అనేవాళ్ళు. భార్యకు స్వయానా అన్నగారైన ఈ బావగారు మాత్రం చాటూ మాటూ లేకుండా ముఖం మీదే అనేవారు. పదకొండేళ్ళలో నిండు కాఫీ కప్పు కూడా ఆయన చేతికి అందించి ఎరగరు.

అలాంటి బావగారు రెండు నెలల క్రితం, ఇంటికి రంగులు వేయిస్తున్నానని చెప్పి, ఇరవై వెండి నాణేలున్న డబ్బా తెచ్చి, "నీ దగ్గర ఉంచు బావా," అన్నారు. ఒక్కొక్కటి ఔన్సు బరువు. ఆయన ఏళ్ళ తరబడి ముచ్చటపడి పోగుచేసినవి. ఆ వారమంతా మాస్టారి కాళ్ళు నేల మీద ఆనలేదు. డబ్బాకు బీరువాలో నాలుగుసార్లు చోటు మార్చారు. ఇవాళ దాన్ని పదిలంగా తిరిగి ఇచ్చేస్తే పదకొండేళ్ళ చెడ్డపేరు ఒక్క దెబ్బతో కొట్టుకుపోతుంది. మాస్టారికి కావలసింది అదే. అంతకుమించి ఈ ప్రపంచంలో ఆయనకు ఆ రోజు ఏ కోరికా లేదు.

తొమ్మిదింటికి తన గదిలో కూర్చున్నాక, ఇరవై ఉన్నాయో లేదో చూసుకోవడంలో తప్పేముందనిపించింది. డబ్బా తెరిచారు. ఇరవై ఉన్నాయి. కానీ ఎనిమిదింటి మీద తెల్లటి మచ్చలున్నాయి. పాలచుక్కలు పడి ఆరిపోయినట్టు, ఒకదానికి అంచున, ఇంకొకదానికి సరిగ్గా నడినెత్తిన. గుడ్డతో తుడిస్తే పోలేదు. మాస్టారి గుండె జారింది. తమ బీరువాలో చెమ్మ ఉంది, ఆ సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు. డబ్బా అడుగున విడిగా కాగితంలో చుట్టిన నాణెం ఇంకా ఘోరంగా ఉంది. అంచు పసుపు, లోపలికి పోయేకొద్దీ ఊదా, నడుమ నీలం. తడి రోడ్డు మీద నూనె చుక్క పడ్డట్టుంది.

"అయ్యో పాపం! దీని పని అయిపోయింది," అనుకున్నారు మాస్టారు.

ఇంకొకడైతే డబ్బా మూసేసి, ఏమీ ఎరగనట్టు కూర్చునేవాడు. మాస్టారు ఇరవై ఏళ్ళుగా కట్టుడు పళ్ళ మీది టీ మరకలు, సిగరెట్టు మరకలు వదలగొడుతున్న మనిషి. మచ్చ కనిపిస్తే ఆయన చెయ్యి ఊరుకోదు. ముందు పళ్ళసెట్లు నానబెట్టే మాత్రలు నీళ్ళలో వేసి నాణేలన్నీ అందులో ముంచారు. బుసబుసా నురగ వచ్చింది, మచ్చలు పోలేదు. తర్వాత సెట్లు శుభ్రం చేసే గుర్రుగుర్రుమనే మెషిన్ తొట్టిలో పదినిమిషాలు ఉంచారు. తొట్టిలో ఏనాటిదో ప్లాస్టర్ పొడి పైకి తేలింది గానీ మచ్చలు కదల్లేదు. ఆఖరికి ట్రేలో అల్యూమినియం రేకు పరిచి, వేడినీళ్ళు పోసి, వంటసోడా చల్లారు. వెండి తీగలు నల్లబడితే ఆయన వాడే పాత చిట్కా అది.

తెల్ల మచ్చలు దానికీ లొంగలేదు. సొంత ఇల్లు కట్టుకున్నవాళ్ళలా ఉన్నచోటే ఉన్నాయి. రంగుల నాణెం మీద మాత్రం చిట్కా పారింది. చూస్తుండగానే నీలం పోయింది, ఊదా పోయింది, పసుపూ పోయింది. నాణెం కొత్త పన్నులా తళతళలాడుతూ బయటికొచ్చింది. అన్నిటికన్నా పాడైనదాన్ని బాగుచేశానని మాస్టారు పొంగిపోయారు.

తొమ్మిదిన్నరకు భార్య ఫోన్ చేసింది.

"ఏవండీ, డబ్బా తెరవలేదు కదా?"

"నేనెందుకు తెరుస్తాను?" అంటూ మాస్టారు తడి చెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నారు.

"అన్నయ్య ఫోన్ చేశాడు. కొన్నిటి మీద పాలమచ్చల్లాంటివి ఉంటాయట. అవి తయారైన చోటి నుంచే వస్తాయట. కొత్తలో కనబడవట, తర్వాత తేల్తాయట. మన బీరువాలో పట్టినవి కావు, కంగారుపడొద్దని చెప్పమన్నాడు."

"హమ్మయ్య!"

"ఏం హమ్మయ్య? తెరవలేదన్నారుగా?"

"ఊరికే అన్నాను. ఇంకేమన్నాడు?"

"రంగుల నాణెం ఒకటి విడిగా కాగితంలో పెట్టాడట. మాటిమాటికీ దాని గురించే. 'ఇంకా ఉందా, ఇంకా ఉందా' అని మూడుసార్లు అడిగాడు పాపం. ఇవాళ మూడింటికి వాళ్ళ నాణేల క్లబ్బు ప్రదర్శనలో అద్దాలపెట్టె మధ్యలో పెట్టేది దాన్నేనట. అది మురికి కాదటండీ. గాలి తగిలీ తగిలీ వెండికి దానంతటదే పట్టే రంగట. అలా పట్టిందంటే దానికున్న గౌరవమే వేరట. తుడిస్తే మాత్రం ఇక అంతేనట."

మాస్టారు ట్రేలో తళతళలాడుతున్న నాణెం వైపు చూశారు. "ఆ రంగు పట్టడానికి ఎన్నాళ్ళు పడుతుందట?" అని అడిగారు.

"పదేళ్ళు, పదిహేనేళ్ళు పట్టొచ్చట. మీకెందుకు? పన్నెండు దాకా టైముంది, కదలకుండా కూర్చోండి."

పదిహేనేళ్ళ పనికి రెండున్నర గంటలే ఉన్నాయి. మాస్టారు ఫోన్‌లో వెతికారు. ఉడికిన గుడ్లలో గంధకం ఉంటుందనీ, గుడ్లను చిదిమి వెండి నాణెంతో కలిపి మూతపెడితే పూట గడవకముందే రంగులు పడతాయనీ ఒక పుణ్యాత్ముడు రాశాడు. నిజాయతీ ఉన్నవాళ్ళు ఈ పని చేయరని ఆ కిందే రాశాడు. మాస్టారు అంతదాకా చదవలేదు. అప్పటికే రోడ్డు దాటి ఎదురుగా ఉన్న క్యాంటీన్‌లో నిలబడ్డారు.

"మూడు ఉడికిన గుడ్లియ్యి. తొందరగా!"

"ఉప్పూ మిరియాలూ చల్లమంటారా?"

"వద్దొద్దు. తినడానికి కాదు."

క్యాంటీన్ ఆయన మాస్టారిని ఎగాదిగా చూసి, గుడ్లు పొట్లం కట్టి ఇచ్చాడు.

మిగిలిన పంతొమ్మిది నాణేల్నీ ఆరబెట్టి డబ్బాలో సర్దేశాక, మాస్టారు తన లంచ్ బాక్సులో గుడ్లు చిదిమారు. మధ్యలో ఎవరిదో కింది దవడ ప్లాస్టర్ అచ్చు నిలబెట్టి, దాని మీద నాణెం పెట్టి మూత వేశారు. మైనం కరిగించే హీటర్ మీద సన్నసెగన ఉంచారు. పదినిమిషాల తర్వాత మూత తీసి చూస్తే, నాణెం అంచున బంగారురంగు! మాస్టారికి కళ్ళనీళ్ళ పర్యంతమైంది. ఇంకో పదినిమిషాలకు ఊదా మొదలైంది. ఇక నీలం ఒక్కటే బాకీ. ఇంతలో డాక్టరమ్మ కబురు పంపారు. ఒక ముసలావిడ పళ్ళసెట్టు రెండు ముక్కలైంది, ఆవిడ ఊరు వెళ్ళే బస్సు ఎక్కేలోపు అతికించి ఇవ్వాలట. మాస్టారు విరిగిన సెట్టు చేతిలోకి తీసుకున్నారు. పని చేతిలోకి వస్తే ఆయనకు పక్కన పిడుగు పడినా తెలియదు. లంచ్ బాక్సు మూత ఆవిరికి పక్కకు జరిగిన సంగతీ తెలియలేదు.

ఆ గది గోడకు పైన గాలి కోసం పెట్టిన కన్నం ఉంది. దాని అవతల రోగులు కూర్చునే హాలు. గుడ్ల వాసన అందులోంచి నిదానంగా దిగింది.

వేరే చోట ఎక్కడైనా దుర్వాసన వస్తే మనుషులు కుర్చీల కింద చూస్తారు. పళ్ళ ఆసుపత్రిలో అలా చూడరు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, హాల్లో ఉన్న పదిమందీ ఎవరి నోరు వాళ్ళు మూసుకున్నారు. ఫోన్‌లో గట్టిగా మాట్లాడుతున్న ఒకావిడ మాట మధ్యలోనే ఆపేసింది. పక్కపక్కన కూర్చున్న భార్యాభర్తలు ఒకరినొకరు అనుమానంగా చూసుకుని, నడుమ ఒక కుర్చీ వదిలి కూర్చున్నారు. రిసెప్షన్ అమ్మాయి ఎవరినీ నొప్పించకూడదని అందరికీ కాగితం కప్పుల్లో పుక్కిలించే మందు పోసి ఇచ్చింది. "రెండు నిమిషాలు ఉమ్మకుండా పట్టుకోండి," అంది. హాలు నిండా ఉబ్బిన బుగ్గలే.

లోపల కుర్చీలో ఒక బస్సు డ్రైవరు నోరు తెరుచుకుని ఉన్నాడు. అతను వచ్చింది పళ్ళు శుభ్రం చేయించుకోవడానికి. వాసన తగలగానే డాక్టరమ్మ ముఖం గంభీరంగా మారింది.

"ఎక్కడో లోపల చీము పట్టిందండీ."

"నాకు నొప్పే లేదు డాక్టరమ్మా!"

"నొప్పి లేకపోవడమే ప్రమాదం. నరం చచ్చిపోయుంటుంది. నాకు ఆ చివరి దవడపన్ను మీదే అనుమానం. తీసేద్దాం."

డాక్టరమ్మ మత్తుసూది సిద్ధం చేస్తూ, రిసెప్షన్ అమ్మాయిని వెనక గదికి పంపారు. ఆ అమ్మాయి ముక్కు పట్టుకుని వచ్చింది.

"మాస్టారూ, డ్రైవర్‌గారి దవడపన్ను తీసేస్తున్నారు. దాని చోట పెట్టడానికి కట్టుడు పన్ను చెయ్యాలట. అబ్బ, ఏం వాసనండీ బాబూ! ఒక్క పంటికి ఇంత కంపా? ఇక్కడైతే ఇంకా ఎక్కువగా ఉంది."

రసాయనాల మధ్య ఇరవై ఏళ్ళు బతికిన మాస్టారి ముక్కు ఏనాడో ఉద్యోగం మానేసింది. ఆయన తల తిప్పి హీటర్ వైపు చూశారు. మూత ఒక పక్కకు వాలి ఉంది. పన్నుకూ గుడ్లకూ ఉన్న సంబంధం అప్పుడు అర్థమైంది.

నోరు మూసుకుంటే తన గుట్టు దాగుతుంది, ఎంకి పెళ్ళి సుబ్బి చావుకొచ్చినట్టు డ్రైవరు పన్ను పోతుంది. నోరు విప్పితే సంగతి ఊరంతా తెలుస్తుంది, బావగారికీ తెలుస్తుంది, చేజారుడు జన్మంతా చేజారుడుగానే ఉండిపోతాడు. మాస్టారు ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నారు. ఆయన వేలకొద్దీ కట్టుడు పళ్ళు చేశారు. అవి ఎంత మెరిసినా సొంత పన్ను విలువ చేయవని ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. లేచి పరుగెత్తారు.

హాలు దాటుతుంటే మూడో కుర్చీలో బావగారు కనిపించారు. ముప్పావుగంట ముందే వచ్చేశారు. రోగి అనుకుని ఆయనకూ కప్పు ఇచ్చినట్టున్నారు, రెండు బుగ్గలూ బూరెల్లా ఉన్నాయి. మాస్టారు ఆగలేదు, డాక్టరమ్మ గది గుమ్మంలోంచే అరిచారు.

"ఆపండి డాక్టరమ్మా! ఆ వాసన ఆయన పంటిది కాదు. నాది!"

హాల్లో వాళ్ళందరూ మాస్టారి నోటి వైపు చూశారు.

"నా నోటిది కూడా కాదండీ! గుడ్లది. ఉడికిన గుడ్లు నా గదిలో హీటర్ మీద పెట్టి మర్చిపోయాను."

డాక్టరమ్మ సూది కింద పెట్టారు. డ్రైవరు కుర్చీ దిగి, మాస్టారి రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుని, ఇంకెవరూ ఏమీ అనకముందే చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. హాల్లో పదిమందీ ఒక్కసారిగా ఊపిరి వదిలారు. మధ్యలో కుర్చీ వదిలిన భార్యాభర్తలు మళ్ళీ దగ్గరికి జరిగారు. "ముందు వెళ్ళి ఆ గుడ్లు కిటికీ అవతల పెట్టండి. మిగతాది తర్వాత మాట్లాడదాం," అన్నారు డాక్టరమ్మ. ఆవిడ గొంతులో కోపం కన్నా, పన్ను పీకనందుకు ఊరటే ఎక్కువగా ఉంది.

అప్పటికి బావగారు నోట్లో మందు కప్పులోకి ఉమ్మి మాస్టారి మీదికి వచ్చారు.

"ఎన్ని గుడ్లు పెట్టావు?"

"మూడు."

"చిదిమావా?"

"చిదిమాను."

"హీటర్ మీద పెట్టావా? బుద్ధుందా? సెగ తగలకూడదు! ఎంతసేపైంది?"

"గంట దాటింది."

"గంటే! ఇంకేముంది, బొగ్గైపోయుంటుంది!"

ఇద్దరూ వెనక గదికి పరుగెత్తారు. బావగారన్నది అక్షరాలా నిజమైంది. దవడ అచ్చు మీద నాణెం కాలిన అట్టుముక్కలా నల్లగా ఉంది. మాస్టారు లంచ్ బాక్సును కిటికీ అవతల పెట్టి, తలుపు వేసి, తిట్లు తినడానికి తలవంచుకుని నిలబడ్డారు. తిట్లు ఎంతకీ రాలేదు. ఆయనకు అప్పుడు వెలిగింది. తాను గుడ్లన్నారే గాని నాణెం మాట ఎత్తనేలేదు.

"బావగారూ, గుడ్ల సంగతి మీకెలా తెలుసు?"

తేలుకుట్టిన దొంగలా బావగారు ముసలావిడ పళ్ళసెట్టు పక్కనున్న స్టూలు మీద నెమ్మదిగా కూలబడ్డారు.

"నేనూ అలాగే పెట్టాను బావా. అది మామూలు తెల్ల నాణెమే. క్లబ్బులో అందరూ రంగుల నాణేలు తెస్తుంటే నాకు ఒక్కటీ లేకపోయె. మా ఆవిడ పుట్టింటికెళ్ళినప్పుడు రెండు గుడ్లతో చేశాను. పదిహేనేళ్ళుగా దానంతటదే పట్టిందని కోతలు కోశాను. వాళ్ళు నమ్మేశారు. నమ్మి ఊరుకోకుండా అద్దాలపెట్టె మధ్యలో పెడతామన్నారు. ఇవాళ ఎవరో నిపుణుడట, సూక్ష్మదర్శిని పట్టుకుని వస్తున్నాడు. నాలుగు రోజుల్నించి నాకు తిండి లేదు, నిద్ర లేదు. నువ్వు రంగు తీసేశావని ముందే తెలిస్తే నీ కాళ్ళకు దణ్ణం పెట్టేవాణ్ణి. తీసినవాడివి మళ్ళీ ఎందుకు పట్టించావయ్యా?"

"మీరు నమ్మి నా చేతికిచ్చారు కదా అని."

ఆ మాటకు బావగారు ఇంకా ముడుచుకుపోయారు. "నా ఇంటికి రంగులూ లేవు, పాడూ లేదు. నువ్వు ఎక్కడో ఒకచోట పారేస్తావనే నీకిచ్చాను. ఆ ఒక్కదాన్నీ తేలిగ్గా జారిపోతుందని విడిగా కాగితంలో చుట్టాను. రెండు నెలలు! కళ్ళజోడు రెండు రోజుల్లో పోగొట్టావు, గొడుగు ఒక్క పూటలో పోగొట్టావు. ఇది మాత్రం పోగొట్టవేం?"

మాస్టారికి పదకొండేళ్ళకు దక్కిన నమ్మకం ఇదా అని బాధ కలిగింది. ఆ బాధ ముఖం మీద దాచుకోలేదు కూడా.

"పోనీ, పోయిందని ఇప్పుడు చెబుదామా బావా? నీ పేరు చెబితే ఎవరూ అనుమానించరు," అన్నారు బావగారు ఆశగా.

"చెప్పొద్దు," అన్నారు మాస్టారు. పెళ్ళైన నాటినుంచి ఆయన బావగారికి ఎదురుచెప్పడం అదే మొదలు. "నా చేతిలో ఏదీ పోలేదు బావగారూ. డబ్బాలో పంతొమ్మిది, ఇది ఒకటి. మొత్తం ఇరవై. లెక్కపెట్టుకోండి."

తెల్ల మచ్చలు వదలగొట్టడానికి మాత్రలు, మెషిన్, సోడా మూడూ వాడి చూసిన సంగతి కూడా మాస్టారు చెప్పేశారు. బావగారు ఫోన్ తీసి క్లబ్బు అధ్యక్షుడికి చేసి, స్పీకర్ పెట్టారు. "అధ్యక్షా, ఆ రంగు సహజంగా పట్టింది కాదండీ. గుడ్లతో నేనే పట్టించాను. క్షమించండి," అని గబగబా చెప్పేసి కళ్ళు మూసుకున్నారు.

అవతల ఒక నిట్టూర్పు వినిపించింది. "ఇంతేనా? నేనింకా ఏమైందోనని హడలిపోయాను. పొద్దున్నించి ఇలాంటి ఫోన్లలో మీది నాలుగోదండీ. నాదీ కలుపుకుంటే అయిదు. ఇంక తేలాల్సింది కార్యదర్శిగారొక్కరే. ఆయన ఫోన్ ఎత్తట్లేదు. అది సరే, అద్దాలపెట్టె బోసిగా ఉంది, పాలమచ్చలున్న నాణేలేమైనా ఉన్నాయా? అవైతే ఎవరూ పెట్టలేరు, ఎవరూ తీయలేరు. నిపుణుడి ముందు మనకు ధైర్యంగా ఉంటుంది."

"ఎనిమిదున్నాయి. తీయలేరన్నది మా బావ స్వయంగా మూడు రకాలుగా పరీక్షించాడు!" అని బావగారు అన్నారు. అంటూనే నవ్వు ఆపుకోలేకపోయారు. ఆ నవ్వు చూసి మాస్టారికీ నవ్వొచ్చింది. నాలుగు రోజుల దిగులు ఒకరికీ, పొద్దుటినుంచి పట్టిన కంగారు ఒకరికీ దిగిపోయి, ఇద్దరూ ప్లాస్టర్ దుమ్ములో కూర్చుని కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వారు. నడినెత్తిన పాలమచ్చ ఉన్న నాణేన్ని ప్రదర్శనకు ఎంచారు. నల్లదాన్ని మాస్టారు సోడానీళ్ళలో వేసి, రెండోసారి తెల్లగా చేసి, మిగతావాటితో కలిపేశారు.

వెళ్ళబోతూ బావగారు గుమ్మం దగ్గర ఆగారు. ఎంచిన నాణెం జేబులో వేసుకుని, మిగిలిన పంతొమ్మిది ఉన్న డబ్బాను మాస్టారి వైపు చాచారు. "ఇవి నీ దగ్గరే ఉంచు బావా. నా దగ్గరుంటే మళ్ళీ గుడ్ల బుద్ధి పుడుతుంది," అన్నారు. ఈసారి ఆయన కళ్ళు ఎటూ తప్పుకోలేదు.

మాస్టారి గుండె నిండిపోయింది. డబ్బా ఇంకా అందుకోకముందే భార్యకు ఫోన్ చేసి జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పారు. గుడ్లు, పన్ను, బావగారి గుట్టు, చివరికి ఈ నమ్మకం. ఆవిడ అంతా ఓపిగ్గా విన్నది.

"సంతోషమేనండీ," అంది. "కానీ పుచ్చుకునే ముందు, ఉండాలని ఇస్తున్నాడో పోవాలని ఇస్తున్నాడో, ఒక్క మాట అడిగి పుచ్చుకోండి."